విఫ్రెడో లామ్: చలికోట్లు దాచే గది పక్కన వేలాడిన అడవి

న్యూయార్క్‌లో మోమా అని పిలిచే మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1945లో ఒక పెద్ద బొమ్మ కొంది. ఎత్తు దాదాపు 239 సెంటీమీటర్లు, వెడల్పు 230, అంటే ఎదురుగా నిలబడితే తలెత్తి చూడాల్సినంత. పేరు ద జంగిల్. గీసింది విఫ్రెడో లామ్ అనే క్యూబా చిత్రకారుడు. సరే కొన్నారు, మరి ఎక్కడ పెట్టారు? పికాసోలూ మతీస్‌లూ ఉండే గదుల్లో కాదు, చాలా ఏళ్ల పాటు కింద లాబీలో, వచ్చినవాళ్లు కోట్లూ గొడుగులూ అప్పజెప్పే గదికి పోయే దారిలో వేలాడదీశారు. 1988లో జాన్ యౌ అనే కవి, ఆర్ట్ విమర్శకుడు (ఈయన చైనా మూలాలున్న అమెరికన్, లామ్ తండ్రి కూడా చైనావాడే) దీని మీద ఒక ఘాటు వ్యాసం రాశాడు. డెలివరీకి వచ్చిన కుర్రాణ్ణి గుమ్మం దాకా రానిచ్చి అక్కడే నిలబెట్టినట్టుంది ఈ వ్యవహారం అని ఆయన బాధ.

ఇందులో తెల్లవాళ్ల చిన్నచూపు ఉంది, కాదనడానికి లేదు. కానీ దాంతో పాటు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, లామ్‌ని ఏ అరలో పెట్టాలో చాలామందికి అర్థం కాలేదు. క్యూబిస్టా (ఆకారాల్ని ముక్కలు చేసి గీసేవాడు), సర్రియలిస్టా (కలల్లాంటి వింతలు గీసేవాడు), ఆఫ్రికన్ ఆర్టా, లాటిన్ అమెరికన్ ఆర్టా? ఇప్పటికీ అతని గురించి రాసే ప్రతివాళ్లూ మొదటి లైన్‌లోనే తండ్రి చైనా, తల్లి వైపు ఆఫ్రికా, స్పెయిన్ అని లెక్క చెప్పి, ఆ లెక్కలోంచే బొమ్మలు వచ్చాయన్నట్టు రాస్తారు. ఏదో మూడు పాళ్లు కలిపి దంచిన పొడి లాగా. అసలు కథ చూస్తే అలా లేదు. లామ్‌కి పుట్టుకతో వచ్చింది చాలా ఉంది నిజమే, కానీ బొమ్మల్లోకి వచ్చిందంతా దాదాపు ముప్పై ఐదేళ్లు దాటాక, చుట్టూ తిరిగి తిరిగి, కొంత పారిస్ మ్యూజియాల్లోనూ కొంత హవానాలో రాత్రిపూట జరిగే జాతరల్లోనూ వెతుక్కుని నేర్చుకున్నదే.

పుట్టింది 1902 డిసెంబరు 8న, క్యూబా నడిమధ్యన ఉన్న సాగువా లా గ్రాందె అనే ఊళ్లో. చుట్టూ చెరకు తోటలు, షుగర్ మిల్లులు. క్యూబాలో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1886లో, అంటే ఇతను పుట్టడానికి పదహారేళ్ల ముందు మాత్రమే, కాబట్టి ఆ ఊళ్లో బానిసలుగా బతికిన ముసలివాళ్లు ఇంకా అరుగుల మీద కూర్చుని కనపడే కాలం అది. బానిసలు దొరకడం కష్టమవుతుందని ముందే తెలిసిన తోటల యజమానులు 1847 నుంచి 1874 దాకా చైనా నుంచి దాదాపు లక్షా పాతికవేల మందిని ఒప్పందాల మీద ఓడల్లో తెప్పించారు. వాళ్లనీ కూలీలనే అన్నారు, మన కూలి మాటే. మన దేశం నుంచి మారిషస్‌కీ ట్రినిడాడ్‌కీ ఓడలెక్కిన వాళ్లకీ అదే పేరు, ఒప్పందాల బాపతు కూడా దాదాపు అదే. లామ్ తండ్రి లామ్ యామ్ ఆ గుంపులో వచ్చిన మనిషి అని గట్టిగా చెప్పలేం, కాంటన్ వైపు నుంచి అమెరికా మీదుగా చేరాడంటారు, వ్యాపారం చేసుకుంటూ, చదువు రాని తోటి చైనావాళ్లకి ఉత్తరాలు రాసిపెడుతూ ఉండేవాడు. కొడుకు పుట్టేనాటికి ఆయనకి ఎనభై దాటాయట! తల్లి అనా సెరఫీనా కాస్తియా, ఆమె వైపు కాంగో నుంచి తెచ్చిన బానిసల రక్తమూ స్పెయిన్ రక్తమూ రెండూ ఉన్నాయి. ఎనిమిదో సంతానం విఫ్రెడో.

ఒక చిన్న ముచ్చట. ఆ ఇంటిపేరుని చైనా లిపిలో రాస్తే రెండు చెట్లు పక్కపక్కన నిలబడ్డట్టుంటుంది, అర్థం అడవి. ద జంగిల్ గీసినవాడి ఇంటిపేరు అడవి కావడం కాకతాళీయమే, దాని మీద సిద్ధాంతాలు కట్టక్కర్లేదు గానీ, తెలిశాక మర్చిపోవడం కష్టం.

చిన్నప్పటి మనుషుల్లో ముఖ్యంగా చెప్పుకోవాల్సింది మాంటోనికా విల్సన్ గురించి. అతనికి గాడ్‌మదర్, ఊళ్లో వైద్యం చేసే మనిషి, సాంతెరీయా పూజారిణి. సాంతెరీయా అంటే పశ్చిమాఫ్రికా నుంచి తెచ్చిన యొరూబా బానిసలు తమ దేవతల్ని కాథలిక్ సెయింట్ల వెనక దాచుకుని కాపాడుకున్న మతం. పైకి సాంతా బార్బరాకి దణ్ణం, లోపల పిడుగుల దేవుడు చాంగోకి. ఈ దేవతల్ని ఒరీషాలంటారు. విఫ్రెడో కూడా తనలాగే ఆ దారిలోకి రావాలని ఆమె కోరిక, పిల్లాడికి అది పట్టలేదు, దీక్ష తీసుకోలేదు, బొమ్మలేసుకుంటానన్నాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాతి రోజుల్లో కొంతమంది ఇతన్ని మంత్రాలు తెలిసినవాడి లాగా చిత్రించారు. లామ్ తనకి మొదట కళ తట్టిన క్షణం అని చెప్పుకున్నది పూజ గురించి కాదు, ఐదేళ్ల వయసులో పడకగది గోడ మీద చూసిన ఒక గబ్బిలం నీడ గురించి.

హవానాలో సాన్ అలెహాంద్రో ఆర్ట్ స్కూల్, ఆ తర్వాత 1923లో సొంత ఊరి మునిసిపాలిటీ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో స్పెయిన్. మాడ్రిడ్‌లో గురువు ఫెర్నాందో అల్వారెజ్ దె సోతొమయోర్, ప్రాదో మ్యూజియం డైరెక్టర్, సర్రియలిస్టు చిత్రకారుడు డాలీకి కూడా పాఠాలు చెప్పిన పాతకాలపు పంతులు. లామ్ పొద్దున అక్కడ నేర్చుకుంటూ, ప్రాదోలో గోయా, బోష్, బ్రూగెల్ బొమ్మల ముందు గంటలు గంటలు గడుపుతూ, పొట్టకూటికి పోర్ట్రెయిట్లు గీసేవాడు. ఆ టైములో చేసినవి చూస్తే శుభ్రమైన పనితనం ఉన్న అకడమిక్ బొమ్మలే, అందులో ఆఫ్రికా లేదు, చైనా లేదు, ఆ మాటకొస్తే క్యూబా కూడా పెద్దగా లేదు. ఎవరో కాగితాల్లో విల్ఫ్రెడో అన్న పేరులో ఒక ఎల్ వదిలేస్తే అదే ఉంచేసుకున్నాడు. 1929లో ఏవా పీరిజ్‌ని పెళ్లి చేసుకున్నాడు, 1931లో ఆమె, పసివాడైన కొడుకు ఇద్దరూ క్షయతో పోయారు. ఆ తర్వాత కొన్నేళ్లు అతని బొమ్మల్లో తల్లీబిడ్డా అనే విషయం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు రిపబ్లికన్ల వైపు, అంటే ఎన్నికైన ప్రభుత్వం వైపు నిలబడ్డాడు, పోస్టర్లు గీశాడు, ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసి ఆ రసాయనాలకి ఆరోగ్యం పాడై శానటోరియంలో పడ్డాడు. అక్కడ పరిచయమైన శిల్పి మనోలో ఊగె పికాసోకి ఒక ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని 1938లో పారిస్ చేరాడు.

పికాసోకి ఇతను తెగ నచ్చాడు. తన స్నేహితులందరికీ పరిచయం చేశాడు, పియెర్ లోబ్ అనే గ్యాలరీ ఓనర్‌కి చూపించాడు, 1939లో పారిస్‌లో షో అయింది. పికాసో తన స్టూడియోలో ఉన్న ఆఫ్రికా శిల్పాల్ని లామ్‌కి చూపించి, మిషెల్ లేరిస్ అనే రచయిత, మానవశాస్త్రవేత్తని పిలిచి ఇతనికి నల్లవాళ్ల కళ గురించి నేర్పు అన్నాడని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. లేరిస్ పనిచేసేది పారిస్‌లోని మనిషి మ్యూజియంలో, ముజె ద లోమ్ అంటారు, అక్కడ అద్దాల పెట్టెల్లో ఉన్న మాస్కులూ విగ్రహాలూ లామ్ చూశాడు. ఎంత విచిత్రమో చూడండి, కాంగో రక్తం ఉన్న మనిషి, ఒరీషాల పాటలు వింటూ పెరిగిన మనిషి, ఆఫ్రికా శిల్పం ఎలా ఉంటుందో ఒక స్పానిష్ వాడి ద్వారా ఫ్రెంచి వాడి దగ్గర నేర్చుకుంటున్నాడు. సొంతింటి దారి పొరుగూరి వాణ్ణి అడిగి తెలుసుకున్నట్టు. పైగా ఆ పొరుగూరి వాడు ముప్పై ఏళ్ల ముందే ఆ ఇంట్లో సామాను తీసుకెళ్లి క్యూబిజం అని పేరు పెట్టుకుని ఉన్నాడు. లామ్ గొప్పతనం ఎక్కడుందంటే దీనికి అతను సిగ్గుపడలేదు, కోపమూ తెచ్చుకోలేదు, ఆ దారిలోనే వెళ్లి తనకి కావాల్సింది తెచ్చుకున్నాడు.

1940లో జర్మన్లు పారిస్‌లోకి వచ్చేసరికి మళ్లీ పరుగు. మార్సే ఊళ్లో వేరియన్ ఫ్రై అనే అమెరికన్ నాజీల చేతికి చిక్కకుండా రచయితల్నీ ఆర్టిస్టుల్నీ ఓడలెక్కించే పని చేస్తున్నాడు, అక్కడ ఎయిర్-బెల్ అనే విల్లాలో సర్రియలిస్టులంతా వీసాల కోసం కాచుకుని ఉండేవాళ్లు. టైంపాస్‌కి కలిసి పేకముక్కలు డిజైన్ చేశారు, లామ్ కూడా కొన్ని గీశాడు. సర్రియలిస్టుల నాయకుడు, కవి ఆండ్రె బ్రెటన్ రాసిన ఫాతా మొర్గానా అనే దీర్ఘకవితకి బొమ్మలు వేశాడు. మనిషి ఒంటికి జంతువు తల, మొక్కలోంచి కళ్లు, ఇలా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకురావడం ఆ డ్రాయింగుల్లోనే మొదలైంది. 1941 మార్చిలో కపితాన్ పోల్ లెమెర్ల్ అనే ఓడ ఎక్కారు. అదే ఓడలో బ్రెటన్, మానవశాస్త్రవేత్త లెవీ-స్ట్రాస్, రచయితలు విక్టర్ సెర్జ్, ఆనా సెగెర్స్ ఉన్నారు, ఒక్క ఓడలో అంతమంది! కరీబియన్‌లో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న మార్టినీక్ దీవిలో దిగగానే అక్కడి ప్రభుత్వం వీళ్లని క్యాంపులో పెట్టింది. ఆ నిర్బంధం పుణ్యమా అని ఎమే సెజేర్ పరిచయమయ్యాడు, నల్లజాతి వాళ్ల ఆత్మగౌరవం గురించి ఫ్రెంచిలో నిప్పులు కురిపించిన కవి. సెజేర్ వీళ్లని అబ్సలోన్ అడవికి తీసుకెళ్లాడు, ఊపిరాడనంత దట్టమైన పచ్చదనం. పుట్టిన ఊరికి తిరిగొచ్చి దాన్ని చూసి కుళ్లి కుమిలిపోయే మనిషి గురించి సెజేర్ రాసిన పెద్ద కవితని ఆ తర్వాత క్యూబా రచయిత్రి లిడియా కబ్రేరా స్పానిష్‌లోకి తెచ్చింది, 1943లో లామ్ బొమ్మలతో హవానాలో అచ్చయింది.

ఆ కవితలోని మనిషి పరిస్థితే లామ్‌ది కూడా. 1941 ఆగస్టులో, పద్దెనిమిదేళ్ల తర్వాత, హవానాలో దిగాడు. ఇష్టపడి రాలేదు, యుద్ధం తరిమితే వచ్చాడు. వచ్చి చూస్తే అమెరికన్ టూరిస్టులూ కాసినోలూ క్యాబరేలూ, వాళ్ల ముందు పొట్ట కోసం కులుకుతూ ఆడాల్సిన నల్లవాళ్లు. ఒకప్పుడు చాటుగానైనా గౌరవంగా జరిగిన పూజలు కూడా టూరిస్టులకి తమాషా అయిపోతున్నాయి. చా-చా-చా బొమ్మలు నేను గీయను అన్నాడు తర్వాత ఒకసారి. అంటే ఎండ, కొబ్బరిచెట్లు, నవ్వుతూ నడుమూపే అమ్మాయి, ఇలాంటి కేలండర్ క్యూబా తనకి వద్దని. తన బొమ్మలు ట్రోజన్ గుర్రం లాంటివనీ, లోపల్నుంచి వింత ఆకారాలు బయటికొచ్చి దోచుకునేవాళ్ల నిద్ర చెడగొట్టాలనీ కూడా అన్నాడు.

హవానా శివార్లలో మరియనావో అనే చోట ఇల్లు తీసుకున్నాడు. రెండో భార్య హెలేనా హోల్జర్ జర్మన్, సైంటిస్టు. పెరట్లో రకరకాల మొక్కలు. ఆఫ్రో-క్యూబన్ మతాల మీద జీవితాంతం పనిచేసిన లిడియా కబ్రేరా, నవలాకారుడు అలేహో కార్పెంతియెర్ వీళ్లకి దగ్గరయ్యారు, కలిసి డప్పుల మోతల మధ్య జరిగే పూజలకి వెళ్లేవాళ్లు. చిన్నప్పుడు మాంటోనికా దగ్గర వద్దని వదిలేసిందే ఇప్పుడు నలభయ్యో ఏట నోట్సు రాసుకునే వాళ్ల పక్కన కూర్చుని మళ్లీ చూశాడన్నమాట. చాలా బొమ్మలకి పేర్లు పెట్టింది కూడా కబ్రేరాయే. వేళ్లు నేలలోంచి వాటంతటవే పైకి రావు కదా, ఎవరో ఒకరు తవ్వాలి, లామ్ విషయంలో తవ్వినవాళ్లలో తెల్లావిడ కబ్రేరా ఉంది, ఫ్రెంచి లేరిస్ ఉన్నాడు, లామ్ కూడా ఉన్నాడు. ఇది చెప్తే అతని ఆఫ్రికా అసలు సిసలుది కాదని కొందరికి అనిపించొచ్చు. ఇంట్లో ఉన్నంత మాత్రాన అసలుదీ, చదివి తెలుసుకుంటే నకిలీదీ అనుకోవడమే తప్పు.

ఇక ద జంగిల్ దగ్గరికి వద్దాం, స్పానిష్‌లో లా హుంగ్లా. 1942-43లో గీశాడు. దగ్గరికెళ్లి చూస్తే అది కాన్వాస్ మీద నేరుగా గీసిన బొమ్మ కాదు, పొట్లాలు కట్టే గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ మీద గీసి తర్వాత కాన్వాస్‌కి అతికించినది. రంగు పల్చగా, నీళ్లలా జారినట్టు, కాగితం అక్కడక్కడ కనపడుతూనే ఉంటుంది. నీలం, పచ్చ, మధ్యమధ్య పసుపూ నారింజా, వెన్నెల రాత్రి రంగులు. నిలువుగా కాడలు, ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి. ఆకాశం లేదు, దూరం లేదు, కంటికి తప్పించుకుపోయే సందు ఒక్కటి కూడా లేదు. ఆ కాడల మధ్య నాలుగు ఆకారాలు, చంద్రవంకల్లాంటి మాస్కు మొహాలు, పళ్లలాగా వేలాడే రొమ్ములు, గుండ్రటి పిరుదులు, కింద మాత్రం ఇంతేసి పాదాలు, నేలని గట్టిగా పట్టుకుని.

పేరు అడవి అని ఉంది గానీ నిజానికి క్యూబాలో మనం జంగిల్ అనుకునే అడవి లేదు. ఆ కాడలు చెరకు గడలు. చెరకు తోట చూసినవాళ్లకి ఇది చప్పున తెలుస్తుంది, గడ మీద కణుపులుంటాయి కదా, లామ్ గీసిన కాళ్ల మోకాళ్లూ చీలమండలూ సరిగ్గా కణుపుల్లాగే ఉంటాయి, ఏది కాలో ఏది గడో ఒక క్షణం తెలీదు. క్యూబాలో చెరకంటే ఏంటి, ఆఫ్రికా నుంచి మనుషుల్ని తెచ్చింది దానికోసం, చైనా నుంచి కూలీల్ని తెచ్చింది దానికోసం, స్పెయిన్ వాళ్లు అక్కడ డబ్బు చేసుకుంది దాంతోనే. అంటే లామ్ తల్లినీ తండ్రినీ ఒక ఊళ్లో కలిపింది ఏ ప్రేమకథో కాదు, పంచదార వ్యాపారం. మిశ్రమ మూలాలు అని మనం ముద్దుగా అనేదాని వెనక ఇంత హింస ఉంది, ద జంగిల్‌లో అది రక్తం చూపించకుండా కనపడుతుంది. కుడివైపు పైన ఒక చెయ్యి కత్తెర పట్టుకుని ఉంటుంది, పెద్ద కత్తెర. చెరకు నరికేది కత్తితో గానీ కత్తెరతో కాదు. మరి ఆ కత్తెర దేనికి? లామ్ తేల్చి చెప్పలేదు. బొమ్మలో ఒక్క ఇనుప వస్తువు అదే, చూసేవాడి చూపు తిరిగి తిరిగి అక్కడే ఆగుతుంది.

లామ్ బొమ్మల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఇంకో ఆకారం గుర్రపు స్త్రీ, ఫామ్ శెవాల్ అంటారు. ఆడమనిషి ఒళ్లు, పొడుగాటి గుర్రం మొహం, జూలు, ఒక్కోసారి గడ్డం కింద వేలాడే తిత్తుల్లాంటివి. యూరప్ విమర్శకులు దీన్ని చూడగానే మీనోటార్ (గ్రీకు కథల్లో ఎద్దు తల ఉన్న రాక్షసుడు) అనో పీడకల అనో సర్రియలిజం అనో రాశారు. మనవాళ్లకి మాత్రం దీనికి అంత వివరణ అక్కర్లేదు, పూనకం తెలిసినవాళ్లం కాబట్టి. సాంతెరీయాలో ఒరీషా భక్తుడి మీదకి ఎక్కి స్వారీ చేస్తుంది, పూనినంతసేపూ ఆ మనిషిని గుర్రం అనే పిలుస్తారు. మన దగ్గర అమ్మవారు ఒంటిమీదకొచ్చింది అంటాం, అక్కడ అమ్మవారు గుర్రమెక్కింది అంటారు, అంతే తేడా. అందుకని లామ్ గీసిన ఆ స్త్రీ మొహంలో బాధ కోసమో భయం కోసమో వెతికితే దొరకదు. పూనకంలో ఉన్న మనిషి మొహం ఎలా ఉంటుంది, ఎటో చూస్తూ, ఇక్కడ లేనట్టు, అదే ఉంటుంది. చాలా బొమ్మల్లో మూలల్లోంచి తొంగిచూసే గుండ్రటి చిన్న తల, కొమ్ములతో ఉండేది, ఎలెగ్వా, నాలుగు దారుల కూడలి దగ్గర కూర్చునే ఒరీషా, ముందు అతనికి మొక్కందే ఏ పనీ సాగదు. అలా అని ప్రతి ఆకారానికీ ఇది ఫలానా దేవుడు అని డిక్షనరీ రాసుకుంటూ పోతే లామ్ బొమ్మ చచ్చిపోతుంది. తను గుర్తుల పట్టిక పెట్టుకుని గీయననీ, కవిత్వంలో లాగా ఏదో కదిలితే గీస్తాననీ తనే చెప్పాడు.

పికాసో నీడ సంగతి? 1907లో పికాసో గీసిన అవిన్యాన్ అమ్మాయిలు కూడా మోమాలోనే ఉంది, ఐదుగురు ఆడవాళ్లు, ఇద్దరికి మాస్కు మొహాలు, కాబట్టి పోలిక రాక తప్పదు. కానీ ఒక తేడా చాలా పెద్దది. పికాసో బొమ్మలో మాస్కు బయటనుంచి వచ్చి భయపెట్టే వస్తువు, యూరప్ అందాన్ని పగలగొట్టడానికి తెచ్చిన సుత్తి. లామ్ బొమ్మలో మాస్కుని పక్కనపెడితే వేరే మొహం లేదు. అక్కడ మాస్కే మనిషి. ఇది పట్టుకోకుండా చాలాకాలం లామ్‌ని పికాసోకి మంచి శిష్యుడు అని చెప్పి పక్కన పెట్టేశారు.

1944లో న్యూయార్క్‌లో పియెర్ మతీస్ గ్యాలరీలో ద జంగిల్ మొదటిసారి పెట్టినప్పుడు గోల గోల అయింది. అదే ఏడాది మోమా క్యూబా ఆధునిక చిత్రకారుల మీద పెద్ద ఎగ్జిబిషన్ పెడితే లామ్ అందులో చేరనన్నాడు. 1946లో హైతీ వెళ్లి బ్రెటన్‌తో కలిసి వోడూ (ఆఫ్రికా మూలాలున్న హైతీ మతం) పూజలు చూశాడు, ఆ తర్వాత బొమ్మల్లో ఆ పచ్చదనం పోయి నలుపూ గోధుమా పెరిగాయి, కొమ్ములూ ఈటెల మొనలూ ఎక్కువయ్యాయి. 1952లో మళ్లీ పారిస్‌లో కాపురం. స్వీడన్ చిత్రకారిణి లూ లౌరాన్‌ని 1960లో పెళ్లి చేసుకున్నాడు, ముగ్గురు కొడుకులు. ఇటలీలో సముద్రం ఒడ్డున అల్బిస్సొలా అనే కుమ్మరుల ఊళ్లో స్టూడియో పెట్టుకుని, 1970ల్లో వందల కొద్దీ మట్టి పళ్లేలూ పాత్రలూ చేశాడు. ఈ తర్వాతి పాతికేళ్ల పని మీద నిజం చెప్పాలంటే కొంచెం అసంతృప్తి ఉంది, గీత ఇంకా పదునెక్కింది గానీ ఆకారాలు ఒక ముద్రలాగా రిపీట్ అవుతాయి, 1940ల్లో ఉన్న ఉక్కపోత ఉండదు. 1965-66లో గీసిన తృతీయ ప్రపంచం, ఎల్ తెర్సెర్ ముందో, మాత్రం మినహాయింపు. క్యూబా విప్లవాన్ని సమర్థించాడు, వస్తూ పోతూ ఉన్నాడు, కానీ అక్కడ స్థిరపడలేదు. 1967లో పారిస్ సలోన్ ద మే ప్రదర్శనని హవానాకి తీసుకొచ్చినప్పుడు దాదాపు వంద మంది కలిసి చుట్టలు చుట్టలుగా గీసిన పెద్ద గోడబొమ్మలో నడిమధ్య భాగం లామ్‌ది.

1978లో పక్షవాతం వచ్చింది, ఒక వైపు పడిపోయింది, అయినా చక్రాల కుర్చీలో కూర్చుని పనిచేశాడు. 1982 సెప్టెంబరు 11న పారిస్‌లో పోయాడు, అస్థికలు హవానా తీసుకొచ్చి కోలోన్ శ్మశానంలో ఉంచారు. మరుసటి ఏడే అతని పేరుతో హవానాలో ఆర్ట్ సెంటర్ పెట్టారు, 1984 నుంచి హవానా బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన నడిపేది వాళ్లే, ఆసియా ఆఫ్రికా లాటిన్ అమెరికా ఆర్టిస్టులకి పారిస్ న్యూయార్క్ గుమ్మం దగ్గర నిలబడక్కర్లేని వేదిక. బజారు కూడా మేలుకుంది లెండి, 2020లో 1943 నాటి ఒమి ఒబిని అనే బొమ్మ సోథబీస్ వేలంలో 96 లక్షల డాలర్లకి పోయింది.

మోమా సంగతి మిగిలింది. కోట్ల గది దారిలోంచి ద జంగిల్‌ని ఎప్పుడో పై అంతస్తు గ్యాలరీల్లోకి మార్చారు. 1949లో లామ్ క్రాఫ్ట్ పేపర్ మీదే గీసిన గ్రాండ్ కంపోజిషన్, నాలుగు మీటర్లకి పైగా వెడల్పున్నది, అది కూడా ఈ మధ్యే కొనుక్కున్నారు. 2025 నవంబరులో లామ్ మొత్తం జీవితం మీద పెద్ద ప్రదర్శన తెరిచారు, నిద్రపోనప్పుడు కలలు కంటాను అని దానికి పేరు. కొనుక్కున్న ఎనభై ఏళ్లకి.